ఆముదపు గింజలో లేనిది

సూది గుచ్చింది, నొక్కింది, బయటికి లాగింది. అంతే, ఇక ఆమె చేతిలో పనేమీ లేదు. మిషను కడుపులో సన్నని గాజు గొట్టం చుట్టలు చుట్టుకుని వేడిలో పడుకుని ఉంది. కంటికి ఆననంత చుక్క ఆ గొట్టంలోకి ఆవిరై దూరిపోయింది. తేలికైనవి ముందూ బరువైనవి వెనకా ఒక్కొక్కటే అవతలి కొసకి చేరుకుంటాయి, చేరినప్పుడల్లా మిషనుకి తగిలించిన కలం ఉలిక్కిపడి లేచి, కదులుతున్న కాగితం మీద ఒక కొండ గీసి దిగుతుంది. గీయాలి. కాదు, గీయకూడదు. మొదటి కొండలు గీయాలి, చివరి కొండ గీయకూడదు. ఆమె కూర్చున్నది ఒకటి రావడం కోసం కాదు, రాకపోవడం కోసం. బస్సు కోసం నిలబడ్డ మనిషికి బస్సు కనిపించగానే నిలబడే పని తీరిపోతుంది, రాకూడని బస్సు కోసం నిలబడ్డ మనిషి ఎప్పుడని ఇంటికి పోవాలి, అనుకుని తనలో తను నవ్వుకుంది. నవ్వు పెదాల దాకా వచ్చేసరికి వెనక కుర్చీ కిర్రుమంది.

"గుచ్చావా అమ్మాయ్?"

"గుచ్చాను సార్."

"సాక్షిని వేశావుగా?"

"వేశాను సార్. మీరడగడం ఇది మూడోసారి."

"మూడోసారి కూడా వేశాననే అన్నావు. మంచిదే."

పెద్దాయన అందరికీ పెద్దాయన, ఆమెకి మాత్రం గురువు. ఈ సూది ఎలా పట్టుకోవాలో నేర్పింది ఆయనే. ఉద్యోగం వదిలి ఎన్నాళ్ళో అయినా ఈ గది వదల్లేదు. ఒళ్ళో ఆయన పుస్తకం కొత్త ముద్రణ తాలూకు అచ్చు ప్రతులున్నాయి, చెవి మీద పెన్సిలుంది. సాయంత్రానికి అవి అచ్చాపీసుకి పోవాలి. అన్ని అధ్యాయాలూ దిద్దేశాడు, ఒక్క బొమ్మ దగ్గర ఆగాడు. నూనెగింజల అధ్యాయంలో బొమ్మ. దాన్ని ఉంచాలా కొట్టేయాలా అన్నది ఈ కలం చెప్పాలి. మిగతా ప్రపంచానికి అదొక చిన్న బొమ్మ. ఆమెకి మాత్రం, ఈ మధ్యకాలంలో తాను అన్న మాటలన్నీ, పడ్డ మాటలన్నీ వచ్చి ఆ బొమ్మ అంచున నిలబడి ఉన్నాయి. బొమ్మ ఇంకోసారి అచ్చయిందా, ఇంకో తరం పిల్లలు దాన్ని బట్టీ పడతారు, ఆమె మాట చాదస్తమని మిగిలిపోతుంది.

కలం గుప్పున పైకి లేచింది, కాగితం అంచుకి కొట్టుకుంది, దిగింది. అదేమీ కాదు, నూనెని కరిగించి తెచ్చిన ద్రావణం. పెళ్ళికి ముందు వచ్చే బ్యాండు మేళం లాంటిది, హడావుడే తప్ప లెక్కలోకి రాదు. ఆమె కళ్ళు కాగితం మీదే ఉన్నాయి, మనసు మాత్రం కాగితం మీద లేదు, మొదటిసారి ఈ గదిలోకి వచ్చిన రోజు మీద ఉంది. ఆ రోజు గాజు పలక మీద నూనెని విడదీసి, మందు చల్లి, నీలికాంతి దీపం కింద పెడితే మచ్చలు మెరిశాయి. వాటిలో ఒక మచ్చ ఏ పట్టికలోనూ లేదు. కొత్త పదార్థం కనిపెట్టానని పొంగిపోయింది. పెద్దాయన వంగి చూశాడు, చూసి ఆమె బొటనవేలు పట్టుకుని ఆ మచ్చ మీద ఆనించాడు. సరిగ్గా సరిపోయింది. "ఇది గింజ నూనె కాదమ్మా, నీ నూనె," అన్నాడు. గదిలో అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది, కానీ ఆ మాట లోపలెక్కడో గింజలా పడిపోయింది. చూడబోయినవాడి వేలు చూసినదానిలో కలిసిపోతుందని చెప్పింది ఆయనే. ఆయనే చెప్పి, ఆయనే మరిచిపోయాడు.

ఆయన పాఠం చెప్తే పశువుల కాపరి కథ చెప్పినట్టుండేది. నూనె అంటే ఏమిటి? ఒక కట్టుగొయ్య, దానికి కట్టిన మూడు దూడలు. దూడలంటే కొవ్వు ఆమ్లాలు. కట్టినంతసేపూ నూనె, విప్పితే విడి ఆమ్లాలు. పెరిగే గింజ దూడల్ని తెచ్చి కడుతుంది, మొలిచే గింజ విప్పి తోలుతుంది. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. ఆ తరవాతే బొమ్మ. బొమ్మ ప్రకారం లేత గింజలోనూ మొలకెత్తిన గింజలోనూ విప్పిన దూడలు పెరడంతా గుంపులుగా తిరుగుతుంటాయి. ఆ బొమ్మకి లెక్కలన్నీ వచ్చింది లేత ఆముదపు గింజల్నీ మొలకల్నీ కల్వంలో వేసి నూరగా. ఆ నూరిన చేతుల్లో ఒక జత ఆమెవి. తరవాత ఆ బొమ్మనే బల్ల మీద గీసి ఎంతమంది పిల్లలకి చెప్పిందో. ఒక పిల్ల లేచి, "మేడమ్, విప్పిన దూడలు ఊరికే ఉంటాయా, లోపలంతా తొక్కెయ్యవా?" అని అడిగింది. విడి ఆమ్లాలు పోగుపడితే కణం పొరలు చెడిపోతాయి, నిజమే, మరి గింజ ఎలా బతుకుతోంది? "మంచి ప్రశ్న," అంది ఆమె. జవాబు లేనప్పుడు ఉపాధ్యాయులందరూ అనే మాటే అది. ఆ పిల్ల సంతోషించి కూర్చుంది. ఆమె కూర్చోలేకపోయింది.

కలం కదిలింది. చిన్న దిబ్బ, దాని పక్కన ఇంకో దిబ్బ. తేలిక ఆమ్లాలు, ఎక్కడైనా ఉండేవే, గాలిలోనూ గాజులోనూ చేతి తొడుగులోనూ. ఫరవాలేదు. సాక్షి ఇంకా రాలేదు. కిటికీ అవతల ఆముదపు మొక్కలు వెడల్పాటి అరచేతులు చాచి ఎండని అడుక్కుంటున్నాయి. గెల గెలకీ రంగు దారాలున్నాయి, పూత విచ్చిన రోజుని బట్టి ఒక రంగు, ఎరుపుది ముదురు, పసుపుది నడిమి, తెల్లది నిన్నమొన్నటిది. గెల కింది కాయలు ముదురుతుంటే పై కాయలింకా పాలు తాగే వయసులో ఉంటాయి, ఒకే ఇంట్లో అక్కచెల్లెళ్ళలాగా.

చెల్లెలు. ఇదంతా దానివల్లే కదూ. ఆ రోజు గింజలు నూరడం అయింది, ఇక ఆల్కహాలు పొయ్యాలి, సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. "అక్కా, ఒక్క నిమిషం," అంది చెల్లెలు. దాని ఒక్క నిమిషం అంటే ఒక సంసారం. పక్కింటివాళ్ళ కుక్క వీళ్ళ గుమ్మంలో ఈనిందిట, దాని పిల్లల్ని ఎవరు పెంచాలని రెండిళ్ళకీ మాట పట్టింపు వచ్చిందిట, తన మరిదేమో కుక్క తరఫున మాట్లాడుతున్నాడుట. "నువ్వే చెప్పక్కా, కుక్క ఎవరి గుమ్మంలో ఈనితే పిల్లలు వాళ్ళవేనా?" ఆమె నవ్వుతూ, ఊఁ కొడుతూ, కల్వం సంగతే మరిచిపోయింది. తిరిగొచ్చేసరికి ముద్ద రంగు మారి ఉంది. ఇంకెవరైనా అయితే కడిగి పారేసేవాళ్ళు. ఆమె చేతికి పారబొయ్యబుద్ధి కాలేదు, ఎందుకో ఆ ముద్దనే కొలిచింది. విడి ఆమ్లం రెట్టింపు. గింజ అదే, గెల అదే, దారం రంగు కూడా అదే. పెరిగింది ఒక్కటే, చెల్లెలి ఫోను.

మర్నాడు కావాలనే ముద్దని అలా వదిలేసి, వరండాలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగొచ్చింది. పెరిగింది. ఇంకోరోజు పరుగున ముగించింది. తగ్గింది. తొందరపడేకొద్దీ తగ్గుతోంది. అలా తగ్గే లెక్కల్ని గ్రాఫులో చుక్కలుగా పెట్టి, కలిపి వెనక్కి గీత గీస్తే, నూరడం మొదలుపెట్టిన క్షణానికి ఆ గీత నేలకి ఆనేట్టుంది. అంటే కల్వం పడకముందు గింజలో విప్పిన దూడలే లేవు. నూరేటప్పుడు గదుల గోడలు పగిలి, తాళ్ళు కోసే ఎంజైములు బయటపడి, కట్టుగొయ్యల మీద పడుతున్నాయి. దూడల్ని విప్పింది గింజ కాదు, మనం. దొంగ ఎవరని ఇల్లంతా వెతుకుతున్నవాళ్ళం, తలుపు విరగ్గొట్టుకుని లోపలికొచ్చింది మనమే. ఆ మధ్యాహ్నం ఆమె పెరట్లోకి వెళ్ళి ఆముదపు మొక్కల మధ్య నిలబడింది. ఎందుకో చిన్నప్పటి మంచం గుర్తొచ్చింది. చెల్లెలు పక్కనే పడుకునేది. అది నిద్రపోయిందో లేదో తెలుసుకోవాలని ఆమె దాని భుజం కుదిపి, "నిద్రపోయావా?" అని అడిగేది. అది ప్రతిసారీ "లేదు" అని ఏడుపు అందుకునేది. నిద్రపోతున్న చెల్లెల్ని ఆమె ఒక్కసారి కూడా చూడలేకపోయింది. "లేపి అడుగుతావేమిటే నిద్రపోయావా అని," అని అమ్మ చీకట్లోంచి కసిరేది. ఇన్నేళ్ళూ గింజని లేపి అడిగారు. గింజ ఇన్నేళ్ళూ లేదు లేదని ఏడుస్తూనే ఉంది. ఆ ఏడుపునే వీళ్ళు బొమ్మగా గీశారు.

పెద్దాయనకి చెప్పిన రోజు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "అమ్మాయ్, కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు. గింజకి లేని బాధ నీకేమిటని. ఎప్పుడూ ఆయనకి ఎదురు చెప్పని నోరు, ఎలా వచ్చిందో ఆ మాట, "నేను చెప్తున్నదీ అదే సార్, దురద కందది కాదు, కత్తిపీటదే," అంది. పక్కన మైక్రోస్కోపు ముందు కూర్చునే అద్దాలాయన పగలబడి నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. ఆ తరవాత కొన్నాళ్ళు ఆమెతో పొడిపొడిగానే మాట్లాడాడు. వరండాలో అద్దాలాయన సందు చూసుకుని, "ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమన్నారు, మీ మాస్టారి సంగతి ఇప్పటికి తెలిసిందా?" అన్నాడు. ఆమెకి ఒళ్ళు మండింది. "ఆ చెట్టు కిందే మీరూ నేనూ నీడ పట్టాం, మరిచిపోకండి," అని విసురుగా వెళ్ళిపోయింది. విసురుగా వెళ్తూనే తెలిసింది, తాను ఆయన్ని గెలవాలనుకోవడం లేదు, ఆయన గెలవాలనుకుంటోంది, ఈసారి తన పక్షాన నిలబడి. ఇది కోరిక కాదు, మొండితనం. పసిపిల్ల బొమ్మ విరగ్గొట్టి దాన్ని తండ్రి చేతే మెచ్చించుకోవాలనుకున్నట్టు.

అప్పుడే కలం లేచింది. లేచింది, నిటారుగా, తొట్రుపడకుండా, ఎవరో పేరు పెట్టి పిలిస్తే లేచి నిలబడ్డట్టు. కొస దాకా వెళ్ళి అంతే నున్నగా దిగింది.

"సాక్షి వచ్చాడు సార్."

"చూశాను."

నిద్రపోతున్నాడనుకుంది, చూస్తూనే ఉన్నాడు. సాక్షి అంటే ఆముదపు గింజ ఏనాడూ తయారుచెయ్యని ఒక ఆమ్లం, కొలిచి మొదట్లోనే కలుపుతారు. దారిలో చెయ్యి జారినా, గొట్టం మొరాయించినా అది కూడా పోతుంది. సాక్షి వచ్చాడంటే మిషను అబద్ధమాడటం లేదు, సాక్షి తరవాత రానిది నిజంగా లేనిదే. సాక్షి కొండ పొగరుగా, ఒంటరిగా నిలబడి ఉంది. ఇక దాని తరవాత చాలాదూరం మైదానం, మైదానం చివర ఆముదానికే సొంతమైన ఆ బరువైన ఆమ్లం రావలసిన చోటు. దాన్నే ఆయన బొమ్మలో పెద్ద కొండగా గీశాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తొడుగులు తీసేసిన చేతులు ఆల్కహాలుకి ఎండిపోయి తెల్లగా ఉన్నాయి.

లేత గింజల్లో ఇదివరకే తేలిపోయింది. కాయని కొమ్మ మీంచి తుంచి, పప్పు తీసి, కత్తి పెట్టకుండా, నూరకుండా, సలసల కాగే ఆల్కహాల్లో పడేసింది. గింజకి తనకేం జరుగుతోందో తెలిసేలోపే ఎంజైములన్నీ చచ్చిపోవాలి. ఆ తరవాతే కల్వం. విడి ఆమ్లం ఆవగింజంత కూడా రాలేదు. అద్దాలాయన వచ్చి, "గింజల్ని ఉడకబెడుతున్నారేమిటండీ, ఉప్పూ కారం తెమ్మంటారా?" అన్నాడు. "తెండి, ముందు మీకే వడ్డిస్తాను, ఆముదపు గింజ తిని బతికినవాళ్ళు తక్కువ," అంది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. కానీ పెద్దాయన చిన్నవాడు కాదు, ఓడే ఆటలో కూడా ఆఖరి పావు దగ్గర ఉంచుకునే మనిషి. కాగితాలన్నీ తిరగేసి, "పెరిగే గింజ సంగతి ఒప్పుకుంటానమ్మా, కట్టేటప్పుడు దూడలు బయట తిరగవనుకుందాం. మొలిచే గింజ మాటేమిటి? అక్కడ విప్పడమే పని కదా. నూనె అంతా కరిగి చక్కెరవ్వాలి, మొలకకి అదే తిండి. విప్పిన దూడ ఒక్కటి కూడా పెరట్లో కనపడకుండా ఎలా ఉంటుంది? మొలకలో చూపించు. అక్కడ కూడా లేకపోతే బొమ్మ కొట్టేస్తాను. ఉంటే నువ్వు ఇంకెప్పుడూ నా కల్వం జోలికి రాకు," అన్నాడు. అన్నాక, "ఒప్పందమేనా?" అని చెయ్యి చాచాడు.

అడిగింది న్యాయమైన ప్రశ్నే, అదే భయం. మొలకలో ఉండొచ్చు. ఉంటే లేత గింజ ఫలితం కూడా సగమే నిజమవుతుంది, బొమ్మలో సగం ఉంటుంది, సగం నిజానికి పుస్తకాలు చోటివ్వవు. పొద్దున తడి కాగితాల మధ్య నుంచి మొలకల్ని తీసినప్పుడు చేతి మీద ఎంత బరువు లేకుండా ఉన్నాయో. తోలు చిట్లి, వేరు తెల్లగా వంగి, లోపలి పప్పు మెత్తబడి ఉంది. ఇంకొన్నాళ్ళు పోతే ఆ పప్పు పల్చబడి పల్చబడి పాత కాగితంలా అయిపోతుంది, తనలోని నూనెనంతా చక్కెర చేసి మొలక నోటికిచ్చి, ఏమీ మిగుల్చుకోకుండా రాలిపోతుంది. మనిషి ఒంట్లో కొవ్వు అలా చక్కెర కాలేదు, ఇది అవుతుంది, ఈ ముళ్ళకాయ గింజ. అంత పని చేస్తున్నది దూడల్ని వీధిలో వదిలేస్తుందా? వదలదు. వదలకూడదు. విప్పిన తాడు విప్పినట్టే ఇంకో చేతికి అందిస్తుంది, ఆ చెయ్యి ఇంకో చేతికి. బావి దగ్గర మంటలార్పడానికి వరసలో నిలబడ్డవాళ్ళలా, బిందె నేల మీద పెట్టేవాళ్ళు ఒక్కరూ ఉండరు. మరిగే ఆల్కహాల్లో మొలకని వేస్తున్నప్పుడు ఆమె లోపల ఎవరో, క్షమించు, నిన్ను లేపను, అన్నారు.

కలం తిన్నగా పోతోంది. మైదానం. ఒక చిన్న వణుకు, బయట బండి వెళ్ళిన అదురు. మళ్ళీ మైదానం. పొద్దున అదే మొలకల్లో సగాన్ని పాత పద్ధతిలో నూరి నడిపిన కాగితం పక్కనే పరిచి ఉంది, అందులో ఆ చోట కొండ కాగితం అంచు దాటిపోయింది. కలం ఆ చోటుకి దగ్గరపడుతోంది. ఆమె ఊపిరి బిగపట్టింది, ఊపిరికి కూడా కలం కదులుతుందేమోనని. చోటు వచ్చింది. కలం లేవలేదు. చోటు మధ్యలో ఉంది. కలం లేవలేదు. చోటు అంచున, ఇదిగో, ఇప్పుడు, లేస్తే ఇప్పుడే లేవాలి, కలం పెరట్లో పడుకున్న ముసలి కుక్కలా కదలకుండా తన దారిన తను పోయింది. దాటింది. ఆమె అరికాళ్ళ నుంచి ఏదో వెచ్చగా పైకి పాకింది, మొలక వేరులా కాదు, కాండంలా, పైపైకి, ఛాతీలోకి, చెవుల్లోకి. అరవాలనిపించింది. అరవలేదు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

"ఆలస్యంగా వస్తుందేమో," అన్నాడు పెద్దాయన.

"రానివ్వండి సార్, చూద్దాం."

చూశారు. కాగితం బల్ల దాటి నేల మీద మడతలు పడేదాకా ఇద్దరూ చూస్తూనే ఉన్నారు. అప్పుడాయన లేచి వచ్చాడు, ఆ కాగితాన్నీ పొద్దుటి కాగితాన్నీ పద్ధతిగా చింపి, ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాడు. ఎండ రెండు కాగితాల్లోంచీ దూరింది. సాక్షి మీద సాక్షి సరిగ్గా కూర్చున్నాడు, గీత మీద గీత పడింది. మైదానం చివర మాత్రం ఒక కాగితంలోని కొండ ఒంటరిగా నిలబడిపోయింది, దాని కింద రెండో కాగితంలో నేల నేలలాగే ఉంది. వెనక ఆముదపు ఆకుల నీడలు కాగితం మీద కదులుతున్నాయి. ఆయన ఆ కొండ మీద వేలు పెట్టాడు, చాలాసేపు తియ్యలేదు. పాతకాలపు ఫొటోలో తన ముఖం వెతుక్కుంటున్నట్టు చూశాడు. గెలుపు ఇంత బరువుంటుందా అనుకుంది ఆమె.

"దురద కత్తిపీటదేనమ్మా," అన్నాడు.

అని, నవ్వడం మొదలుపెట్టాడు. ముందు భుజాలు కదిలాయి, తరవాత పొట్ట, తరవాత కళ్ళద్దాలు జారాయి. "ఇన్నేళ్ళు నా కల్వం నాకే పాఠం చెప్పింది, నేను దాన్ని తెచ్చి పిల్లలకి చెప్పాను." చెవి మీది పెన్సిలు తీశాడు, ఒళ్ళోంచి జారిన ప్రతుల్లో ఆ పేజీ వెతికి, బొమ్మ మీద ఈ మూల నుంచి ఆ మూలకి గీత కొట్టాడు. "ఈ చోటులో నీ గీత వేస్తాను, సాక్షీ, సాక్షి పక్కన ఏమీ లేకపోవడమూ. కింద నీ పేరు. పుస్తకం చదివేవాడు ఈ ఖాళీ ఏమిటని అడగాలి."

అంతలో ఆమె ఫోను మోగింది.

"అక్కా, ఇవాళేగా నీ పరీక్ష? ఏమొచ్చింది?"

"ఏమీ రాలేదే."

"పోనీలే అక్కా," అంది చెల్లెలు, గొంతు మెత్తగా చేసుకుని, "బాధపడకు. అన్నం తిన్నావా? ఇంటికొచ్చెయ్, ఆ ముసలాయన ఏమన్నా పట్టించుకోకు, మళ్ళీ చేద్దువుగాని."

ఆమె నవ్వుతోంది, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, ఆగమన్నట్టు గాలిలో చెయ్యి ఊపుతోంది. అవతలి మాటలన్నీ పెద్దాయనకీ వినపడ్డాయి, చెయ్యి చాచాడు.

"ఇటివ్వు. ఆ కుక్కపిల్లల గొడవ చెప్పింది ఈవిడేనా?" ఫోను చెవికి ఆనించుకున్నాడు. "అమ్మా, నేనే ఆ ముసలాయన్ని. ఓడింది మీ అక్క కాదు, నేను. ఆ రోజు మీరు నాలుగు ముక్కల్లో చెప్పి పెట్టేసి ఉంటే నేనింకా నెగ్గుతూ ఉండేవాణ్ణి. ఏం చేస్తాం, నా తలరాత మీ మరిది చేతిలో ఉంది. ఇంతకీ ఆ పిల్లలు చివరికి ఎవరికి దక్కాయి?"

అవతలి నుంచి కథ మొదలైంది. ఆయన ఊఁ కొడుతూ కుర్చీలో వెనక్కి వాలాడు. ఇక ఇప్పట్లో తెమలదు. తెమలనక్కర్లేదు, కల్వంలో ఏమీ లేదు. ఆమె కిటికీ దగ్గర నిలబడి దారాలు కట్టిన గెలల్ని చూస్తోంది. మిషను కట్టేయాలన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. కలం, అడిగేవాళ్ళు లేకపోయినా, ఏమీ లేదు, ఏమీ లేదు, అని తిన్నగా రాసుకుంటూ పోతోంది.